పురుగు పట్టిన ఎండు కట్టె నుంచి స్టెఫానిడే కందిరీగలను బయటికి రప్పించడం: మొదటి నుంచి చివరిదాకా

సన్నటి మెడ, వెనక దారంలా పొడవాటి తోక. ఎండిన మామిడి మాను మీద తచ్చాడుతున్న నల్ల కందిరీగ ఫొటోలు పంపి "ఇదేంది? ఎట్లా పట్టుకోవాల?" అని అడిగేవాళ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఎక్కువయ్యారు. ఆ ఫొటోల్లో కొన్ని నిజంగానే స్టెఫానిడే కుటుంబానివి. చాలావరకు కావు.

వలతో వెంటపడితే స్టెఫానిడ్‌లు (ఈ కుటుంబపు కందిరీగలు) దొరకడం అరుదు. దొరికినా అది ఏ చెట్టులోని ఏ పురుగును తిని పెరిగిందో తెలియదు. పురుగు పట్టిన కట్టెనే ఇంటికి తెచ్చి బకెట్లో పెడితే కందిరీగతో పాటు దాని చిరునామా కూడా చేతికొస్తుంది. ఈ పద్ధతంతా ఆ చిరునామా కోసమే.

## 1. ముందే తెలుసుకోవాల్సిన సంగతులు

ఆడ స్టెఫానిడ్ ఎండు మాను మీద నడుస్తూ లోపల తొలుస్తున్న పురుగు కదలికను వెనక కాళ్లతో పసిగడుతుందని పరిశోధకుల అంచనా. చోటు కుదిరాక గుడ్లు పెట్టే సూదిని నిలువుగా చెక్కలోకి దించుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును బయటి నుంచి తింటూ పెరిగి, అదే సొరంగంలో పుప్పా (రెక్కలొచ్చే ముందు కదలకుండా ఉండే దశ) అయి, చెక్కను కొరుక్కుని బయటికొస్తుంది. ఒక పురుగు మీద ఒక్క కందిరీగే ఎదుగుతుంది.

అవి తినేది ముఖ్యంగా రెండు రకాల పెంకుపురుగుల పిల్లలను. ఒకటి పొడవు మీసాల పెంకుపురుగు, రెండోది లోహంలా మెరిసే పెంకుపురుగు. ఎక్కడ వెతకాలన్నది దీన్నిబట్టే తేలుతుంది.

ఇందులో ఓపికదే పెద్ద వాటా. కట్టె బకెట్లో పెట్టాక కనీసం ఒక పూర్తి ఏడాది ఉంచాలి. ఎండు చెక్కలో పురుగు ఎదుగుదల చాలా నెమ్మది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వెలిగొండల చుట్టుపక్కల ఉండేవాళ్లు ఎర్రచందనం జోలికి అసలు వెళ్లొద్దు. "పురుగు పట్టిన ముక్కే కదా" అన్న మాట చెక్‌పోస్టు దగ్గర పనికిరాదు. రిజర్వు ఫారెస్టులో రాలిన పుల్లను కూడా ముట్టుకోకండి. సొంత తోటలో, లేదా అడిగి ఒప్పించుకున్న రైతు పొలంలో కట్టె మాత్రమే తెచ్చుకోండి.

## 2. కావాల్సిన సామాను

- మూత ఉన్న 20 లీటర్ల పెయింట్ బకెట్, బాగా కడిగి ఆరబెట్టింది. లోపలికి వెలుతురు రాకూడదు. తెల్ల బకెట్ అయితే బయట నల్ల రంగు వేయండి.
- పారదర్శకంగా ఉండే వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసా
- సన్న కన్ను ఇనుప జాలీ. ప్లాస్టిక్ దోమ జాలీ వద్దు, పెంకుపురుగు కొరికేస్తుంది.
- చేతి రంపం, బైండింగ్ వైరు, ఎం-సీల్, రెండు కొవ్వొత్తులు
- అట్టముక్కలు, పెన్సిల్
- బకెట్ కింద పెట్టడానికి వెడల్పాటి పళ్లెం, మూడు రాళ్లు
- పది రెట్లు పెద్దగా చూపించే చేతి కటకం
- మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిన్న గాజు సీసాలు

పెన్సిలే ఎందుకంటే పెన్ను సిరా ఆల్కహాల్ తగిలితే కరిగిపోతుంది.

## 3. కట్టె ఎంచుకోవడం

సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది. చాలామంది దొరికిన ఎండు కట్టెనల్లా బకెట్లో కుక్కుతారు. ఏడాది గడిచాక చెదలు, చీమలు తప్ప ఏమీ రావు.

ఎక్కడ వెతకాలి. ఉదయగిరి వైపు పాత మామిడి తోటల్లో ఎండిన కొమ్మలు, కొత్తపట్నం, సింగరాయకొండ ఇసుక నేలల్లో సరుగుడు, జీడిమామిడి, ఒంగోలు చుట్టుపక్కల సుబాబుల్, జామాయిల్ కొట్టిన పొలాలు, ఊరి బయట చిల్లకంప. పొడవు మీసాల పెంకుపురుగులకు ఇవన్నీ ఆశ్రయమిచ్చే చెట్లే.

ఎలాంటి కట్టె. పచ్చి కట్టె పనికిరాదు. ఎన్నో ఏళ్లుగా పడి ఉండి చేత్తో నలిపితే పొడి అయ్యేదీ పనికిరాదు. చచ్చి ఒకటి రెండేళ్లయి, బెరడు ఇంకా అంటుకునే ఉండి, గోటితో కొడితే గట్టిగా మోగేది కావాలి. నేల మీద పడినదానికంటే చెట్టుకే నిలబడి ఎండి, పగలు ఎండ తగిలే కొమ్మ మంచిది.

లావు. బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు దాకా సరిపోతుంది. కందిరీగ సూది పొడవు ఎంతో, అంత లోతులో ఉన్న పురుగే దానికి అందుతుంది. మాను నడిబొడ్డున దాక్కున్న పురుగు దానికి దొరకదు. కాబట్టి పెద్ద దుంగలు మోసుకొచ్చి నడుము విరగ్గొట్టుకోకండి.

రంధ్రం చదవడం. కొమ్మను వెలుతురుకు తిప్పి చూడండి.

- నిండు గుండ్రంగా గానీ కోడిగుడ్డు ఆకారంలో గానీ ఉన్న పెద్ద రంధ్రం: పొడవు మీసాల పెంకుపురుగు బయటికెళ్లిన దారి.
- అణిగి చదునుగా, ఒకవైపు గీత గీసినట్టున్న రంధ్రం: మెరిసే పెంకుపురుగు.
- గుండుసూది తల కంటే కాస్త పెద్ద రంధ్రాలు గుంపులుగా ఉండి, తట్టితే గోధుమపిండిలా పొడి రాలితే: వెదురు, సరుగుడు గుంజల్ని పిండిపిండి చేసే చిన్న పెంకుపురుగులు. మనకు కావాల్సినవి కావు.
- బెరడు మీద పట్టుదారాలతో అల్లిన పొట్టు, పెంటికల చాందినీ వేలాడుతుంటే: బెరడు తినే గొంగళి. నిమ్మ, జామ, సరుగుడు మీద ఎక్కువ. ఇది సీతాకోకచిలుకల వైపు పురుగు, స్టెఫానిడ్ తినేది కాదు. పొదలకూరు నిమ్మతోటల నుంచి వచ్చే ఫొటోల్లో ఎక్కువ ఇదే.
- మట్టి గీతలు: చెదలు. అక్కడే వదిలేయండి.

పాత రంధ్రాలు ఉన్నంత మాత్రాన లోపల ఇంకా పురుగు ఉన్నట్టు కాదు. కొత్త పొట్టు రాలుతోందా చూడండి. తాజా పొట్టు లేత రంగులో ఉంటుంది, పాతది బూడిద రంగుకు తిరుగుతుంది. రాత్రి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కొమ్మను చెవికి ఆనించి వినండి. పెద్ద పురుగైతే కరకరమని నమలడం స్పష్టంగా వినిపిస్తుంది.

కూలికి చెట్లు కొట్టేవాళ్లతో ముందే మాట కలుపుకోండి. "అన్నా, పురుగు పట్టిన కొమ్మలు పొయ్యిలో పెట్టబాక, పక్కన పడెయ్" అని ఒక టీ ఇప్పిస్తే మీరు వారమంతా తిరిగినా దొరకని కట్టె దొరుకుతుంది.

## 4. కోసి, చీటీ కట్టి తేవడం

బకెట్లో పట్టేలా అడుగు పొడవు ముక్కలు కోయండి. కోసిన రెండు కొసలకూ కరిగించిన కొవ్వొత్తి మైనం పూయండి. కట్టె ఒక్కసారిగా ఎండిపోకుండా ఆగుతుంది.

ముక్కలు కోసిన వెంటనే, అక్కడే, అట్టముక్క మీద రాయండి. ఇంటికెళ్లి రాద్దాం అనుకుంటే కుదరదు. సాయంత్రానికి మూడు తోటల కట్టె కలిసిపోతుంది.

చీటీలో ఉండాల్సినవి:

- ఊరు, మండలం, తేదీ
- చెట్టు పేరు
- నిలబడి ఎండినదా, నేల మీద పడినదా
- ముక్క లావు, నేల నుంచి ఎంత ఎత్తులో ఉండేది
- రంధ్రాల ఆకారం
- కోసినవారి పేరు

ఒక బకెట్‌కు ఒకే చెట్టు కట్టె. ఈ నియమం ఒక్కటి తప్పితే మిగతా శ్రమంతా దండగ. బకెట్ మీద ఒక చీటీ, లోపల ఒక చీటీ ఉండాలి. బయటిది వానకు పోయినా లోపలిది ఉంటుంది.

ఎప్పుడు తేవాలంటే సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు. మన రెండు జిల్లాల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో కట్టె బాగా నాని ఉంటుంది. అప్పుడు తెస్తే బకెట్ నిండా బూజే.

## 5. పెట్టె కట్టడం

1. బకెట్ పక్కభాగంలో, పైనుంచి నాలుగో వంతు దగ్గర, సీసా మూతి పట్టేంత రంధ్రం చేయండి.
2. సీసా మూతిని అందులో దూర్చి చుట్టూ ఎం-సీల్ పెట్టండి. సీసా బయటివైపుకి కాస్త పైకి వంగి ఉండాలి. పురుగులకు బయట వెలుతురు కనిపించే దారి అదొక్కటే, అందుకే అటే వస్తాయి.
3. సీసా అడుగు కోసి, తీసి పెట్టుకునేలా జాలీ బిగించండి. లోపలివి బయటికి తీసేది ఇటునుంచే.
4. మూతలో అరచేతి వెడల్పు కోసి ఇనుప జాలీ అతికించి, దాని మీద నల్ల గుడ్డ వదులుగా కప్పండి. గాలి రావాలి, వెలుతురు రాకూడదు.
5. అడుగున రెండు వెదురు బద్దలు పరిచి వాటి మీద కట్టె నిలువుగా పేర్చండి. కిక్కిరిసేలా కుక్కొద్దు.
6. పళ్లెంలో నీళ్లు పోసి, రాళ్ల మీద బకెట్ నిలబెట్టండి. బకెట్ గోడకు తగలకూడదు. తగిలితే చీమలకు అదే వంతెన.

ఉత్తరం వైపు వసారా అన్నిటికంటే మంచి చోటు. రేకుల షెడ్డులో పెడితే రోహిణి కార్తెలో లోపలున్నవి ఉడికిపోతాయి. మేడ మీద నీళ్లట్యాంకు నీడ కూడా నమ్మదగింది కాదు, మధ్యాహ్నానికి నీడ జరిగిపోతుంది.

## 6. చూసుకోవడం

మామూలు రోజుల్లో వారానికి రెండుసార్లు సీసా చూస్తే చాలు. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి, ముఖ్యంగా మృగశిర చినుకులు పడే రోజుల్లో, రోజూ చూడండి. బయటికొచ్చిన కందిరీగ తిండి లేక సీసాలో ఎక్కువ రోజులు బతకదు. చచ్చాక ఎండి కాళ్లు విరిగిపోతాయి.

వేసవిలో నెలకు రెండుసార్లు జాలీలోంచి నీళ్లు పలచగా చిలకరించండి. కట్టె తడిగా కనిపించిందంటే ఎక్కువైనట్టు. వానాకాలంలో చుక్క కూడా అక్కర్లేదు.

ఆ వసారాలో దోమల స్ప్రే, దోమల కాయిల్ వాడొద్దు. ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. అసలు ఆ బకెట్ ఎందుకో కూడా చెప్పండి. లేకపోతే దీపావళి శుభ్రంలో కట్టె పొయ్యిలోకి, బకెట్ బాత్‌రూమ్‌లోకి వెళ్తాయి.

## 7. వచ్చింది స్టెఫానిడేనా?

పెట్టెలోంచి రకరకాలు వస్తాయి. సీసాలో ఉండగానే చేతి కటకంతో ఈ వరుసలో చూడండి.

ముందు తల. తల దాదాపు బంతిలా ఉంటుంది. నడినెత్తిన ఉండే చిన్న కన్ను చుట్టూ ఐదు మొనదేలిన బుడిపెలు, కిరీటంలా. ఇవి ఉంటే మిగతావన్నీ సరిచూసుకోవడానికే. లేకపోతే అది స్టెఫానిడ్ కాదు.

తర్వాత మెడ. తలకు, రొమ్ముకు మధ్య సన్నగా సాగి ఉంటుంది.

వెనక కాళ్లు. తొడ ఉబ్బి, అడుగున పెద్ద పళ్లు కనిపిస్తాయి. పిక్క మొదట్లో సన్నగా, చివర గదలా లావుగా ఉంటుంది. చాలా జాతుల్లో ఆడదాని వెనక పాదానికి మూడే కణుపులు, మగదానికి ఐదు.

పొట్ట ఎక్కడ అతికింది. పక్కనుంచి చూడండి. స్టెఫానిడ్ పొట్ట వెనక కాళ్ల మొదళ్లకు దగ్గరగా, కిందివైపు అతికి ఉంటుంది. మొదటి కణుపు పొడవాటి కాడలా ఉంటుంది.

సూది. ఆడదానికి దాదాపు ఒళ్లంత పొడవు. దాని తొడుగు మీద, చివరికి కాస్త ముందు, తెల్లటి పట్టీ చాలా జాతుల్లో కనిపిస్తుంది. కొన్నిటికి ఉండదు. కాబట్టి తెల్లపట్టీని మాత్రమే నమ్ముకుని తేల్చేయొద్దు.

సైజు చూసి కూడా జాతి చెప్పకండి. పెద్ద పురుగును తిన్నది పెద్దదవుతుంది, చిన్నదాన్ని తిన్నది చిన్నగానే మిగులుతుంది. ఒకే జాతిలో ఒకటి రెండోదానికి రెట్టింపు ఉండొచ్చు.

పొరపాటు పడే అవకాశం ఉన్నవి:

- గ్యాస్టరప్టిడే. అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. సన్న మెడ, లావు పిక్క, పొడవు సూది, చివర తెలుపు, అన్నీ ఉంటాయి. కానీ నెత్తిన కిరీటం ఉండదు, పొట్ట రొమ్ము పైభాగాన, ఎత్తులో అతికి ఉంటుంది. ఇది ఒంటరి తేనెటీగల గూళ్ల మీద బతికేది. పెంకుపురుగులు ఖాళీ చేసిన రంధ్రాల్లో ఆ తేనెటీగలు గూళ్లు కడతాయి కాబట్టి మన కట్టెలోంచి ఇదీ వస్తుంది.
- ఆలాసిడే. దీని పొట్టా ఎత్తులోనే అతికి ఉంటుంది, కానీ ఇది నిజంగానే చెక్క తొలిచే పురుగుల మీద బతుకుతుంది. తప్పకుండా భద్రపరచండి.
- బ్రాకోనిడే, ఇక్న్యూమోనిడే. పొడవు సూది, పొడవు మీసాలు. కిరీటం లేదు, తొడకు అలాంటి పళ్లు లేవు. ఎర్రటి ఒళ్లు, నల్లటి రెక్కలతో వచ్చేవి ఎక్కువగా బ్రాకోనిడే.
- చాల్సిడిడే. తొడ లావు, పళ్లు కూడా ఉంటాయి. కానీ ఒళ్లు పొట్టి, బొద్దు. మెడ లేదు.
- బెత్తిలిడే. చిన్న చీమల్లా ఉంటాయి, కొన్నిటికి రెక్కలుండవు. వీటితో జాగ్రత్త. కొన్ని కుడతాయి, దద్దుర్లు లేచి రోజుల తరబడి దురద పెడతాయి. చేతులతో తడమకండి.

స్టెఫానిడ్ సూదికి భయపడక్కర్లేదు. అది చెక్కలో దించడానికే.

## 8. ఫొటో, సీసా, చీటీ

కందిరీగను చిన్న గాజు సీసాలోకి మార్చి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో, కింది అరలో పెడితే మందగిస్తుంది. అప్పుడు తెల్ల కాగితం మీద ఫొటోలు తీయండి:

- ఎదురుగా, కిరీటం కనిపించేలా
- పక్కనుంచి, మెడ, పొట్ట అతికిన చోటు కలిపి
- వెనక కాలు దగ్గరగా
- సూది చివర
- రెక్క పరిచినట్టుగా

ఇంటి తోటలో ఏమున్నాయో తెలుసుకోవాలన్న సరదా మాత్రమే అయితే ఫొటోలు తీసి, అదే రకం చెట్టు ఎండుకొమ్మ మీద వదిలేయండి. జాతి పేరు తేలాలంటే మాత్రం నమూనా కావాలి. మన దేశంలో దొరికే ఫీనటోపస్ లాంటి ప్రజాతుల్లో జాతులను ఫొటో చూసి తేల్చడం నిపుణులకు కూడా కష్టం.

నమూనా అయితే ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తర్వాత ఆల్కహాల్ సీసాలో వేయండి. కాళ్లు, తల పరిశీలించడానికి మెడికల్ షాపు ఆల్కహాల్ సరిపోతుంది. డీఎన్ఏ పరీక్షకు మాత్రం 95 శాతం ఇథనాల్ కావాలి, అది కాలేజీ ల్యాబ్‌ను అడగాల్సిందే. చేతులకు రాసుకునే జెల్ వాడొద్దు. కట్టె మీది చీటీకి నకలు, బయటికొచ్చిన తేదీతో కలిపి, సీసా లోపలే వేయండి.

గుర్తింపు కోసం ముందుగా దర్శి లేదా నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. అక్కడ తేలకపోతే బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థకు రాయండి. పంపేముందు ఫొటోలు పంపి, కావాలంటేనే నమూనా పంపండి. కొరియర్ వాళ్లు మండే ద్రవాలు తీసుకోరు. ఆల్కహాల్ ఒంపేసి, దానితోనే కాస్త తడిపిన దూదితో పంపండి. విదేశీ నిపుణుడెవరైనా అడిగితే తొందరపడొద్దు. జీవవైవిధ్య చట్టం 2002 కింద ముందు అనుమతి తీసుకోవాలి.

## 9. తరచూ వచ్చే ఇబ్బందులు

బూజు పట్టింది. కట్టె బయటికి తీసి, రెండు రోజులు నీడలో, దోమతెర కింద ఆరబెట్టండి. బకెట్ తుడిచి మళ్లీ పేర్చండి. మూత జాలీ చిన్నదేమో చూడండి.

సీసాలో సాలీడు కాపురం పెట్టింది. తీసేయండి. దాని గూడు కింద రాలిన రెక్కలను మాత్రం పారేయకండి, రెక్కల ఈనెలను బట్టి కూడా కుటుంబం చెప్పొచ్చు.

పెంకుపురుగులే వస్తున్నాయి, కందిరీగలు లేవు. ఇది వైఫల్యం కాదు. ఆ పెంకుపురుగులనూ భద్రపరచండి. రేపు అదే తోట కట్టెలోంచి కందిరీగ వస్తే అది దేన్ని తిన్నదో చెప్పే మొదటి ఆధారం ఇవే.

ఆరు నెలలైనా ఏమీ రాలేదు. ఒక ముక్కను చెవికి ఆనించి వినండి, కింద కొత్త పొట్టు ఉందేమో చూడండి. ఉంటే కదపకుండా వదిలేయండి.

కందిరీగ బకెట్ అడుగునే చచ్చి ఉంది. ఎక్కడో వెలుతురు కారుతోంది. చీకట్లో బకెట్ లోపల సెల్‌ఫోన్ లైటు వేసి బయటినుంచి చూస్తే చిల్లు దొరుకుతుంది.

## 10. చివరగా కట్టె చీల్చడం

ఏడాది తిరిగాక కట్టెను పారేసే ముందు చీల్చి చూడండి. ఎక్కువమంది వదిలేసే పని ఇదే, అసలు సమాచారం ఉన్నదీ ఇక్కడే.

కందిరీగ బయటికొచ్చిన రంధ్రం దగ్గర్నుంచి ఉలితో సొరంగం వెంబడి మెల్లగా తెరవండి. చివర పలచటి పుప్పా తొడుగు కనిపిస్తుంది. దాని పక్కనే పొట్టులో కలిసిపోయి ఒక గోధుమరంగు గట్టి తల, రెండు దవడలు ఉంటాయి. కందిరీగ పిల్ల తినకుండా వదిలేసిన పురుగు తల అది. దాన్ని చిన్న కాగితం పొట్లంలో కట్టి, అదే చీటీ నకలు వేసి, కందిరీగ సీసాతో జత చేయండి. సొరంగం వెడల్పు, బెరడు నుంచి లోతు కొలిచి రాయండి.

## 11. తోటలో దీన్నెలా వాడుకోవచ్చు?

మొదట ఒక మాట. స్టెఫానిడ్‌లు ట్రైకోకార్డుల్లా (పంటలో కట్టే మిత్రపురుగుల అట్టలు) కొనుక్కొచ్చి వదిలేవి కావు. వీటిని నమ్ముకుని బతికున్న మామిడిచెట్టులోని పురుగును వదిలేయకండి. పొట్టు కారే రంధ్రంలో ఇనుప చువ్వ దూర్చి పురుగును లాగడం, రంధ్రం మూయడం ఎప్పటిలాగే చేయాలి. అయితే దూది ముంచి రంధ్రంలో పెట్టడానికి పాత అలవాటు కొద్దీ డైక్లోరోవాస్ పురుగుమందు వెతక్కండి. 2020 డిసెంబరు 31 నుంచి అది మన దేశంలో నిషేధం. ఇప్పుడు ఏది వాడాలో ఉద్యాన అధికారిని అడగండి.

మీరు చేయగలిగింది కత్తిరించిన కొమ్మల దగ్గర ఉంది. పురుగు పట్టిన కొమ్మలను కాల్చేయమంటారు. అది సరైన సలహానే, ఎందుకంటే పెంకుపురుగులు బయటికొచ్చి పక్క చెట్లెక్కుతాయి. కానీ కందిరీగలూ వాటితోనే కాలిపోతాయి. స్థలం, ఓపిక ఉంటే తోట అంచున ఇలా చేయండి:

- నాలుగు రాతి గుంజలు పాతి, 4 మిల్లీమీటర్ల కన్ను ఉన్న ఇనుప జాలీతో ఆరువైపులా గూడు కట్టండి. అడుగున కూడా జాలీ ఉండాలి.
- కత్తిరించిన కొమ్మలు లోపల పేర్చి, పైన తాటాకు కప్పండి.
- కందిరీగ సన్నటిది కాబట్టి కన్నులోంచి జారిపోతుంది. మామిడి, జీడిమామిడి తొలిచే లావుపాటి పెంకుపురుగు లోపలే చిక్కుతుంది. వాటిని ఏరి సబ్బునీళ్లలో వేయండి.
- ఏడాది దాటిన కట్టెను అప్పుడు కాల్చేయండి.

పిండి రాల్చే చిన్న పెంకుపురుగులు ఈ కన్నులోంచి కూడా తప్పించుకుంటాయి. అవి పట్టిన సరుగుడు, వెదురు గుంజలను గూట్లో పెట్టొద్దు, నేరుగా పొయ్యిలోకే పంపండి.